గేటు బయటి లెక్క – 3వ పాఠం: కాల్షియం చెప్పిన కబురు

ముందు పోయిన పాఠంలోని లెక్క తేల్చుకుందాం. మిర్యాలగూడ రోడ్డు మీద ఒక రైస్ మిల్లు. లోపలికి మనల్ని రానివ్వరు. ఎదురుగా టీ కొట్టు బెంచీ మీద కూర్చుంటే, రోజుకు 6 లారీల బియ్యం బయటికి పోతున్నాయి. లారీకి 20 టన్నులు. లోపల రోజుకు ఎన్ని వడ్లు ఆడుతున్నట్టు? పచ్చి బియ్యానికి ప్రభుత్వం పెట్టిన లెక్క క్వింటాలు వడ్లకు 67 కిలోలు. 120ని 0.67తో భాగిస్తే దాదాపు 179 టన్నులు.

భాగహారం సరిగ్గానే ఉంది. జవాబు మాత్రం సగమే. ఆ బియ్యం నిన్న ఆడినవా, పోయిన యాసంగి నుంచి గోదాములో ఉన్నవా? బియ్యం లారీలను ఎంతసేపు చూసినా అది తెలియదు. ఊకను చూస్తే తెలుస్తుంది. వడ్లలో సుమారు ఐదో వంతు ఊకే. పచ్చి బియ్యం మిల్లులో వడ్లు ఉడికించే పని లేదు కాబట్టి ఊక బాయిలర్‌లోకి పోదు, చాలావరకు బయటికే రావాలి. ఎక్కువ రోజులు దాచుకునే చోటూ ఉండదు. బియ్యం లారీలు వెళ్తూ ఊక లారీలు కనిపించలేదంటే, లోపల మర ఆగిపోయి గోదాము ఖాళీ అవుతున్నట్టే. నేను మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు ఊక సంగతే పట్టించుకోలేదు. తప్పు ఎక్కడుందో చూసుకున్నాక మళ్లీ ఎప్పుడూ మర్చిపోలేదు.

ఈ పాఠంలో ఇదే పద్ధతితో ఒక దేశపు అణు కార్యక్రమాన్ని చూద్దాం.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసింది. జర్మనీ తూర్పు భాగం సోవియట్ సైన్యం చేతిలో ఉంది. అక్కడి బిట్టర్‌ఫెల్డ్ ఊళ్లో ఐ.జి. ఫార్బెన్ అనే జర్మన్ కంపెనీకి చెందిన రసాయనాల ఫ్యాక్టరీ ఉంది. 1946 చివర్లో అక్కడి నుంచి బ్రిటిష్, అమెరికన్ గూఢచారులకు ఒక కబురు అందింది: ఫ్యాక్టరీలో కాల్షియం లోహం తయారు చేసి సోవియట్ యూనియన్‌కు పంపుతున్నారు. లక్ష్యం నెలకు సుమారు 30 టన్నులని తరువాత తేలింది. సరుకు చేరే చోటు మాస్కో దగ్గరి ఎలెక్ట్రోస్టాల్. నికొలాస్ రీల్ అనే జర్మన్ శాస్త్రవేత్త యురేనియం లోహం తయారు చేయిస్తున్నది అక్కడే.

కాల్షియం అనగానే సున్నం గుర్తొస్తుంది. మన దగ్గర సున్నపురాయికి కొదవ లేదు, సిమెంట్ ఫ్యాక్టరీలన్నీ దాని మీదే నడుస్తున్నాయి. కాల్షియం లోహం వేరు. మా ల్యాబులో చిన్న సీసాలో కొన్ని తునకలు ఉండేవి. గీకితే వెండిలా మెరిసేవి, గాలి తగలగానే రంగు మాసిపోయేవి. నీళ్లలో వేస్తే బుడబుడమని బుడగలొచ్చి నీళ్లు సున్నపు నీళ్లలా తెల్లబడేవి. ఇంత తొందరగా పాడయ్యే లోహం నెలకు 30 టన్నులు ఎవరికి కావాలి? ఉక్కు శుద్ధికి, సీసం మిశ్రమాలకు కొంచెం కొంచెం వాడతారు. అంత సరుకును మింగగలిగిన పని ఒకటే కనిపించింది.

ఆ పని ఇది. యురేనియానికి ఫ్లోరిన్ కలిపి పచ్చటి పొడి చేస్తారు. దాని పేరు యురేనియం టెట్రాఫ్లోరైడ్. దాంట్లో కాల్షియం కలిపి మండిస్తే కాల్షియం ఫ్లోరిన్‌ను లాగేసుకుంటుంది, యురేనియం లోహం కరిగి అడుక్కు దిగుతుంది. కాల్షియానికి ఫ్లోరిన్ మీద ఎంత పట్టు ఉందో మర్రిగూడ, మునుగోడు వైపు వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్లోని కాల్షియాన్ని పట్టుకుని తరాల తరబడి మనుషుల్ని వంచేసింది. ఆ కొలిమిలో జరిగేదానికీ మూలం ఈ పట్టే.

ఇక లెక్క. ఒక యురేనియం పరమాణువుకు రెండు కాల్షియం పరమాణువులు కావాలి. యురేనియం భారం 238, రెండు కాల్షియాలది 80. అంటే కాగితం మీద కిలో కాల్షియంతో దాదాపు 3 కిలోల యురేనియం వస్తుంది. కొలిమిలో అలా రాదు. కొంత కాల్షియం ఆవిరైపోతుంది, కొంత చిట్టెంలో మిగిలిపోతుంది, అందుకే ఎక్కువ వేస్తారు. ఒకటిన్నర రెట్లు వేస్తారనుకుంటే కిలోకు 2 కిలోలు. 30 టన్నుల కాల్షియానికి నెలకు 60 టన్నుల యురేనియం.

ఈ 60 పక్కన "ఇంతకు మించదు" అని రాసుకోండి. "ఇంత తయారైంది" అని రాస్తే మిల్లు లెక్కలో చేసిన తప్పే మళ్లీ చేసినట్టు.

కాల్షియం ఎంత పోతోందన్న దానికంటే నాకు బలంగా కనిపించే సాక్ష్యం దాని నాణ్యత. కొనేవాళ్లు పెట్టిన షరతుల్లో బోరాన్ చాలా చాలా తక్కువ ఉండాలని ఉంది. ఉక్కు పనికి ఆ పట్టింపు అక్కర్లేదు. యురేనియం లోహాన్ని ఇంధనంగా వేసే అణు రియాక్టర్ నడవాలంటే న్యూట్రాన్లు కావాలి, బోరాన్ వాటిని మింగేస్తుంది. మన మిల్లులోనే చూడండి: రేషన్ బియ్యానికి ఒక లెక్క ఉంటుంది, ఎగుమతికి పోయే బియ్యంలో ఒక్క నల్ల గింజ కూడా ఉండొద్దని రంగు చూసి గింజలు ఏరే సార్టెక్స్ మిషన్ మీద రెండుసార్లు పట్టిస్తారు. సరుకు ఎవరికి పోతోందో షరతును బట్టే తెలిసిపోతుంది.

తరువాత ఖనిజంతో సరిచూడాలి. ఖనిజంలో యురేనియం 0.1 శాతం ఉందనుకుంటే టన్ను యురేనియానికి 1,000 టన్నుల రాయి తవ్వాలి. 60 టన్నులకు నెలనెలా 60,000 టన్నులు. అంత రాయి ఎవరి కంటా పడకుండా కదలదు. అందుకే చెకోస్లోవాకియాలోని యాకిమోవ్ గనుల మీద, తూర్పు జర్మనీలోని సాక్సనీ గనుల మీద కూడా ఆ గూఢచారులు కన్నేశారు. మన నల్గొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టులో 2003లో యురేనియం గనుల మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు మన ఊళ్లవాళ్లు కూడా ఇలాంటి అంకెల ముందే కూర్చున్నారు. ఎంత లోహానికి ఎంత రాయి లేస్తుంది, మిగిలిన రాయి ఎక్కడ పోస్తారు అని అడగాలంటే ఈ భాగహారం చేతిలో ఉండాలి. ఈ పాఠాలు రాయాలనిపించడానికి సగం కారణం అదే.

గోదాము నిల్వ సంగతి ఇక్కడా ఉంది. 1945లోనే సోవియట్ బృందం జర్మనీలో 100 టన్నులకు పైగా యురేనియం ఆక్సైడ్ పట్టుకుని తీసుకెళ్లింది. మాస్కోలో 1946 డిసెంబర్ 25న నడిచిన వాళ్ల మొదటి రియాక్టర్‌కు ఆ సరుకు బాగా అక్కరకొచ్చింది. అది కొత్తగా తవ్విన రాయి లెక్కలో ఎక్కడా కనిపించదు.

ఇంత జాగ్రత్తగా చూసినా తేదీ తప్పింది. సోవియట్ బాంబు త్వరగా వస్తే 1950 మధ్యలో, ఎక్కువ అవకాశం 1953 మధ్యలో అని 1949 జులైలో అమెరికా గూఢచార సంస్థ సీఐఏ అంచనా వేసింది. ఆ ఆగస్టు 29నే సెమీపలటిన్స్క్‌లో బాంబు పేలింది. సోవియట్ వాళ్ల దగ్గర ఖనిజం చాలదన్న నమ్మకం అమెరికాలో, యుద్ధకాలపు బాంబు పనిని నడిపించిన జనరల్ గ్రోవ్స్ కాలం నుంచీ ఉంది. కాల్షియం చెప్పిన కబురు అబద్ధం కాదు. కాకపోతే అది లోహం గురించే చెప్పింది. బాంబు ఎప్పుడన్నది అది చెప్పగలిగే విషయం కాదు.

మీ వంతు లెక్క. అమెరికా యుద్ధకాలంలో కాల్షియం మానేసి మెగ్నీషియానికి మారింది. మెగ్నీషియం భారం 24, ఇక్కడా రెండు పరమాణువులే కావాలి. ఒక దేశం నెలకు 12 టన్నుల మెగ్నీషియం కొంటోంది. వృథా లేదనుకుంటే ఎంత యురేనియం వస్తుంది? అది రాశాక రెండో ప్రశ్న: విమానాల్లో వాడే అల్యూమినియం మిశ్రమాల్లో కూడా మెగ్నీషియం పడుతుంది కదా, మీ జవాబును ఎంతవరకు నమ్మాలి? దాన్ని సరిచూసుకోవడానికి ఊకలా పనికొచ్చే ఇంకో సరుకు ఏదైనా ఉందా? నాలుగో పాఠం అక్కడి నుంచే మొదలుపెడతాను.