ఎముకల ఇంజెక్షన్ డేట్ మిస్ అవ్వకుండా చూసుకోవడం ఎలా

మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఎముకలు గుల్లబారకుండా వేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్ రాశారా, అయితే ఫస్ట్ చేయాల్సింది ఆరు నెలల డేట్ ఫోన్లో అలారం పెట్టుకోవడం, పండగల లెక్క అస్సలు వద్దు. 2023లో మేం ఉగాదికి ఒకటి వేయించి దసరాకి ఇంకోటి అనుకున్నాం, మధ్యలో అధిక శ్రావణం వచ్చిపడింది, మార్చి 22న వేసింది అక్టోబర్ 23 పండగ నాటికి ఏడు నెలలు దాటిపోయింది. అమ్మేమో "నడుం నొప్పి లేదు కదే, ఇప్పుడెందుకా సూది" అంటుంది.

ఎందుకంత పట్టింపు అంటే, ఎముకని కరిగించే కణాలు తయారవ్వాలంటే వాటి పిల్ల కణాల పొర మీదుండే రాంక్ అనే ప్రోటీన్‌కి, ఎముక కట్టే వైపు కణాల పొర మీదుండే రాంక్ లైగాండ్ అనే ఇంకో ప్రోటీన్ వచ్చి తగులుకోవాలి, అది తగిలాకే పిల్ల కణాలు కొన్ని కలిసిపోయి ఒక పెద్ద కణం అయ్యి, ఇంటెగ్రిన్ అనే ఇంకో పొర ప్రోటీన్‌తో ఎముకని గట్టిగా పట్టుకుని, చుట్టూ అంచు మూసేసి, పొరలో ఉన్న పంపులతో కిందకి యాసిడ్ వదులుతుంది. ఆ యాసిడ్‌కి కాల్షియం కరుగుతుంది. మన ఒంట్లోనే ఓపీజీ (ఆస్టియోప్రొటెజెరిన్) అనే ప్రోటీన్ ఒకటి ఆ లైగాండ్‌ని పట్టేసి ఇదంతా అదుపులో పెడుతుంది, ఇంజెక్షన్ చేసేదీ ఆ పనే. కానీ మందు ఒంట్లో అయిపోతే ఆగి ఉన్న కణాలన్నీ ఒక్కసారి లేస్తాయి, ముందుకంటే ఎక్కువ తింటాయి, వెన్నుపూసలు రెండు మూడు విరిగిన వాళ్ళున్నారు. అందుకే డేట్ దాటి నాలుగు వారాలు పోనివ్వకూడదు.

సూర్యారావుపేటలో మెడికల్ షాపులో కొనేటప్పుడు ఐస్ ప్యాక్ అడగండి, మే నెల ఎండలో ఆటోలో అలా పట్టుకెళ్ళొద్దు. ఇంట్లో ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల్లో పెట్టాలి, డీప్ ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. వేయించే ముందు అరగంట బయట పెడితే చాలు.

అంతకు ముందే కాల్షియం, విటమిన్ డి టెస్టులు చేయించండి, కిడ్నీ సమస్య ఉంటే ఇంకా జాగ్రత్త, కాల్షియం బాగా పడిపోవచ్చు. పన్ను తీయించాల్సి ఉంటే ముందే డాక్టర్‌కి చెప్పండి. ఆపాలనుకుంటే మీ అంతట మీరు ఆపకండి అండి, దాని బదులు ఏ మందు ఎప్పట్నుంచి మొదలుపెట్టాలో ఆఖరి డోస్ అప్పుడే చీటీ మీద రాయించుకోండి.