చవక టీవీ బాక్సులో పాత వీడియో గేములు ఆడుకోవడం ఎలా

ఆండ్రాయిడ్ పాతబడి, యూట్యూబ్ కూడా సరిగా నడవక, టీవీ వెనక దుమ్ము పట్టి పడి ఉన్న టీవీ బాక్సులు చాలా ఇళ్లలో ఉన్నాయి. అవి నేటి యాప్‌లకు చాలకపోయినా, తొంభైలలో మనం క్యాసెట్టును నోటితో ఊది, మళ్లీ గుచ్చి ఆడుకున్న మారియో, కాంట్రా వంటి ఆటలకు వాటి శక్తి ఎక్కువే. దయచేసి ఆ బాక్సును పారేయకండి.

ముందుగా తేల్చుకోవలసింది లోపలి చిప్ ఏదన్నది. ఒకే పేరుతో, ఒకే అట్టపెట్టెలో వేర్వేరు చిప్‌ల బాక్సులు అమ్ముతారు కనుక పైన అతికించిన చీటీని నమ్మకూడదు. సీపీయూ-జెడ్ యాప్‌లో చూడండి. అనుమానం తీరకపోతే అడుగున రబ్బరు కాళ్ల కింద ఉండే మరలు విప్పి, బోర్డు మీద ముద్రించిన నంబరు చదవండి. ఆమ్లాజిక్ ఎస్905ఎక్స్, ఎస్905డబ్ల్యూ వంటి చిప్ అయితే పని సులువు, ఎందుకంటే పాత ఆటలను నడిపే ఎమ్యూఎలెక్ అనే ఉచిత వ్యవస్థను ప్రధానంగా ఆమ్లాజిక్ చిప్‌ల కోసం తయారు చేశారు. రాక్‌చిప్, ఆల్‌విన్నర్ చిప్‌లకు ఈ పద్ధతి వర్తించదు.

మీ చిప్ తరానికి తగిన ఎమ్యూఎలెక్ ఇమేజ్‌ను, అంటే వ్యవస్థ మొత్తం ఉన్న ఫైలును, కంప్యూటరులోకి దించుకుని, బలీనాఎచర్ అనే ఉచిత ప్రోగ్రాముతో 16 లేదా 32 జీబీ మెమరీ కార్డులోకి రాయండి. కార్డు మంచిదై ఉండాలి. నేను మొదటిసారి చవకగా దొరికిందని కొన్న 64 జీబీ కార్డులో నిజానికి అంత చోటు లేదు. ఎక్కించిన ఆటలు సగంలో ఆగిపోతుంటే రెండు రోజులు బాక్సునే తప్పుపట్టాను. రాయడం పూర్తయ్యాక ఒక భాగాన్ని ఫార్మాట్ చేయమంటారా అని విండోస్ అడుగుతుంది, వద్దనాలి.

ఇక అసలైన మెలిక డీటీబీ ఫైలు. మీ బోర్డులో ఏ భాగం ఎక్కడుందో వ్యవస్థకు చెప్పేది అదే. కార్డులోని డివైస్ ట్రీస్ ఫోల్డరులో ఇటువంటి ఫైళ్లు చాలా ఉంటాయి. చిప్‌నూ ర్యామ్‌నూ బట్టి ఒకదాన్ని ఎంచుకుని, ఫోల్డరు బయటికి కాపీ చేసి, దాని పేరును డీటీబీ డాట్ ఐఎంజీగా మార్చండి. ఉదాహరణకు 2 జీబీ ర్యామ్ ఉన్న ఎస్905ఎక్స్ బాక్సుకు సాధారణంగా పీ212 2జీ అని ఉన్న ఫైలు సరిపోతుంది. తెర నల్లగా ఉండిపోయినా, వైఫై పనిచేయకపోయినా కంగారు పడకుండా మరో ఫైలుతో ప్రయత్నించండి.

కార్డును బాక్సులో పెట్టి, ఏవీ (ఆడియో-వీడియో) రంధ్రంలోకి ఒక చీపురు పుల్లను నెమ్మదిగా పంపండి. చాలా బాక్సులలో రీసెట్ బటన్ ఆ రంధ్రం చివరే దాగి ఉంటుంది. టక్కుమని వేలికి తెలుస్తుంది. దాన్ని నొక్కి ఉంచే కరెంటు ఇచ్చి, కొత్త లోగో కనిపించగానే వదిలేయండి. మొదటిసారి కార్డులోని చోటును సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, తనంతట తానే మళ్లీ మొదలవుతుంది. ఆ సమయంలో కరెంటు తీయకూడదు. తరువాత యూఎస్‌బీ గేమ్ ప్యాడ్ తగిలిస్తే, ఏ బటన్ ఏదో అడిగి గుర్తుపెట్టుకుంటుంది.

ఆటల విషయంలో హక్కులను గౌరవించాలి. మీ సొంత క్యాసెట్ల నుంచి తీసుకున్న కాపీలనూ, రూపకర్తలు స్వయంగా ఉచితంగా పంచినవాటినీ మాత్రమే వాడండి. బాక్సును ఇంటి నెట్‌వర్కుకు కలిపితే, కంప్యూటరు నుంచే ఏ గేమ్ యంత్రపు (కన్సోల్) ఆటలను ఆ యంత్రం పేరున్న ఫోల్డరులో వేయవచ్చు. 8, 16 బిట్ ఆటలూ, చాలావరకు మొదటి ప్లేస్టేషన్ ఆటలూ హాయిగా నడుస్తాయి. నింటెండో 64 ఆటల్లో కొన్ని తడబడతాయి.

చిత్రం నిష్పత్తిని 4:3కు మార్చడం మరవకండి. ఆనాటి ఆటలను వెడల్పు తెరకు సాగదీస్తే మారియో బొద్దుగా, నాణేలు కోడిగుడ్లలా కనిపిస్తాయి. బటన్ నొక్కిన క్షణం తరువాత గెంతుతున్నట్లు అనిపిస్తే టీవీలో గేమ్ మోడ్ పెట్టండి. లోపం చాలాసార్లు బాక్సుది కాదు, టీవీది.

ఆట అయ్యాక మెనూ నుంచే ఆపండి, లేకపోతే కార్డు చెడిపోవచ్చు. లోపలి మెమరీలోకి ఎక్కించే సదుపాయం కనిపించినా దాని జోలికి వెళ్లకండి. కార్డు మీదే ఉంచితే, దాన్ని తీసి కరెంటు ఇచ్చినప్పుడు పాత ఆండ్రాయిడ్ ఎప్పటిలాగే తెరుచుకుంటుంది.