నగరం కలిసి ఉందా, వీధి కలిసి ఉందా: షికాగో లెక్కలతో ఒక పేటను చదివే పద్ధతి

అమెరికాలో ఇల్లు కొనబోయే తెలుగువారు ఏజెంటును దాదాపు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఆ ఏరియాలో ఎవరెవరు ఉంటారండీ?" ఏజెంటు చిరునవ్వుతో మాట మారుస్తారు. అందులో అమర్యాద లేదు. 1968 ఏప్రిల్ 11న అధ్యక్షుడి సంతకంతో చట్టమైన ఫెయిర్ హౌసింగ్ చట్టం కింద, కొనేవారిని వారి జాతిని బట్టి ఒక పేట వైపు నడిపించడం, మరో పేట నుంచి మళ్ళించడం చట్టవిరుద్ధం కనుక, ఆ ప్రశ్నకు జవాబిచ్చి చిక్కుల్లో పడటానికి ఎవరూ ఇష్టపడరు. అయితే జవాబు రహస్యమేమీ కాదు. అమెరికా జనగణన సంస్థ దానిని వీధుల స్థాయి దాకా ఉచితంగా ప్రచురిస్తుంది. కూడికలు, తీసివేతలు, భాగహారాలు వస్తే చాలు, ఒక మహానగరం నిజంగా కలిసిమెలిసి బతుకుతోందా, లేక ఒకే పేరు కింద విడివిడిగా బతుకుతోందా అన్నది ఎవరికి వారే తేల్చుకోవచ్చు. తెలుగులో "వేర్పాటు" అనగానే రాజకీయ అర్థమే ముందు గుర్తుకు వస్తుంది కాబట్టి, జాతుల వారీగా విడిపోయి నివసించడాన్ని ఈ వ్యాసంలో సెగ్రిగేషన్ అనే పిలుస్తాను.

లెక్కకు దిగే ముందు రెండు ప్రశ్నలను విడదీసుకోవాలి. ఒక ఊళ్ళో ఎన్ని రకాల మనుషులు ఉన్నారన్నది మొదటిది. దానిని వైవిధ్యం అంటాం. ఆ మనుషులు ఒకరి పక్కన ఒకరు ఉన్నారా అన్నది రెండోది. పత్రికల్లో వచ్చే "అత్యంత వైవిధ్యం గల నగరాలు" అనే జాబితాలు మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబు చెబుతాయి. చదివేవారు దానినే రెండో ప్రశ్నకు జవాబుగా తీసుకుంటారు. ఈ పొరపాటుకు షికాగోను మించిన ఉదాహరణ లేదు.

మొదటి లెక్క: వైవిధ్యం

2020 జనగణన ప్రకారం షికాగో నగర జనాభా సుమారు 27 లక్షల 46 వేలు. అందులో హిస్పానిక్ కాని శ్వేతజాతీయులు సుమారు 31 శాతం, హిస్పానిక్‌లు (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాల వారు) 30 శాతం, నల్లజాతీయులు 29 శాతం, ఆసియా మూలాల వారు 7 శాతం, మిగిలినవారు 3 శాతం. మూడు పెద్ద సమూహాలు దాదాపు సమానంగా ఉన్న నగరాలు అమెరికాలో అరుదు.

వైవిధ్య సూచిక కట్టడం తేలిక. ప్రతి వాటాను దశాంశంగా రాసి, దానిని దానితోనే గుణించి, వచ్చినవన్నీ కూడి, ఆ మొత్తాన్ని 1 నుంచి తీసివేయాలి. షికాగోకు 0.31ను 0.31తో గుణిస్తే 0.096, 0.30కి 0.090, 0.29కి 0.084, 0.07కి 0.005, 0.03కి 0.001. మొత్తం 0.276. ఒకటి నుంచి తీసేస్తే 0.724, అంటే 72 శాతం. నగరంలో కళ్ళు మూసుకుని ఇద్దరిని ఎంచుకుంటే, వారిద్దరూ వేర్వేరు సమూహాలకు చెందినవారయ్యే అవకాశం 72 శాతమని దీని అర్థం. ఇదే పద్ధతిలో జనగణన సంస్థ 2020లో దేశం మొత్తానికి కట్టిన సంఖ్య 61.1 శాతం. రాష్ట్రాల్లో అన్నిటికన్నా ఎక్కువ హవాయిలో 76 శాతం, అన్నిటికన్నా తక్కువ మెయిన్‌లో 18.5 శాతం. ఆ వరుసలో చూస్తే షికాగో హవాయికి దగ్గరగా ఉంది.

ఇప్పుడు అదే లెక్కను ఒక్క పేటకు కట్టండి. నగరం దక్షిణ, పశ్చిమ భాగాల్లో నల్లజాతీయులే దాదాపు మొత్తం జనాభాగా ఉన్న ప్రాంతాలు చాలా ఉన్నాయి. ఉదాహరణకు 95 శాతం, 3 శాతం, 1 శాతం, 1 శాతం వాటాలున్న ఒక చిన్న ప్రాంతాన్ని ఊహించుకుంటే, 0.95ను 0.95తో గుణించగానే 0.9025 వచ్చేస్తుంది; మిగతావి లెక్కలోకి రానంత చిన్నవి. సూచిక సుమారు 10 శాతం. నగరానికి 72, వీధికి 10. ఈ రెండు సంఖ్యల మధ్య దూరమే మనం వెతుకుతున్న విషయం. అందుకే నగర సూచిక ఒక్కటే చెప్పి ఆగిపోయే జాబితాలను నేను పట్టించుకోను.

రెండో లెక్క: ఎవరు ఎక్కడ

సెగ్రిగేషన్‌ను కొలవడానికి ఎక్కువగా వాడే కొలమానం డిస్సిమిలారిటీ ఇండెక్స్. సామాజిక శాస్త్రవేత్తలైన డంకన్ దంపతులు 1955లో ప్రచురించిన వ్యాసంతో దీనికి ప్రచారం వచ్చింది. ఒకసారి చేత్తో కడితే దీని గుణం, దోషం రెండూ అర్థమవుతాయి కనుక నాలుగే పేటలున్న ఒక ఊహా పట్టణాన్ని తీసుకుందాం. అక్కడ 2,000 మంది శ్వేతజాతీయులు, 1,000 మంది నల్లజాతీయులు ఉన్నారు. శ్వేతజాతీయులు నాలుగు పేటల్లో వరుసగా 900, 800, 200, 100 మంది; నల్లజాతీయులు వరుసగా 50, 50, 400, 500 మంది.

ప్రతి సంఖ్యనూ ఆ సమూహపు మొత్తంతో భాగించండి. శ్వేతజాతీయులకు 0.45, 0.40, 0.10, 0.05 వస్తాయి. నల్లజాతీయులకు 0.05, 0.05, 0.40, 0.50 వస్తాయి. పేట పేటకూ తేడా చూడండి. ప్లస్ మైనస్ గుర్తులు వదిలేస్తే 0.40, 0.35, 0.30, 0.45. వాటి మొత్తం 1.50. అందులో సగం 0.75, అంటే నూటికి 75. రెండు సమూహాలూ అన్ని పేటల్లో ఒకే నిష్పత్తిలో పరచుకోవాలంటే ఒక సమూహంలో 75 శాతం మంది ఇల్లు మారాలన్నమాట. సున్నా అయితే పూర్తిగా కలిసి ఉన్నట్టు, నూరు అయితే పూర్తిగా విడిపోయినట్టు. 60 దాటితే తీవ్రమైన సెగ్రిగేషన్ అని పరిశోధకులు సాధారణంగా లెక్కిస్తారు. షికాగోలో శ్వేత, నల్లజాతీయుల మధ్య ఈ సంఖ్య దశాబ్దాలుగా ఆ గీతకు పైనే ఉంది.

ఈ సూచిక చెప్పని ఒక విషయం కోసం మరో చిన్న లెక్క కలుపుకోవాలి. ఒక సగటు నల్లజాతి వ్యక్తి పేటలో నల్లజాతీయుల వాటా ఎంత? పేటలోని నల్లజాతి వాటాను, నల్లజాతీయులందరిలో ఆ పేటలో ఉన్నవారి వాటాతో గుణించి, నాలుగు పేటలకూ కూడాలి. పై పట్టణంలో మూడో పేట 0.40 గుణించి 0.667, నాలుగో పేట 0.50 గుణించి 0.833, మొదటి రెండు పేటలవి నామమాత్రం. మొత్తం దాదాపు 0.69. పట్టణంలో నల్లజాతీయులు మూడో వంతే అయినా, సగటు నల్లజాతి వ్యక్తి చుట్టూ ఉన్నవారిలో 69 శాతం తనవారే. నా మటుకు నాకు పేట జీవితాన్ని ఈ సంఖ్యే ఎక్కువగా పట్టిస్తుంది, ఎందుకంటే గడప దాటిన మనిషికి ఎవరు ఎదురవుతారో ఇది చెబుతుంది.

అంకెలు తెచ్చుకోవడం

జనగణన సంస్థ డేటా వెబ్‌సైట్‌లో 2020 జనగణనకు పి2 పట్టికను, ఏటా జరిగే అమెరికన్ కమ్యూనిటీ సర్వేకు బి03002 పట్టికను తెరవండి. ఈ రెండింటినీ ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆ సంస్థ దృష్టిలో హిస్పానిక్ అన్నది జాతి కాదు, మూలం. హిస్పానిక్ వ్యక్తి ఏ జాతికి చెందినవారైనా కావచ్చు. జాతి పట్టికను మాత్రమే తీసుకుంటే హిస్పానిక్‌లు శ్వేతజాతీయుల్లోనూ "ఇతరుల్లోనూ" కలిసిపోయి లెక్క తప్పుతుంది. ఈ రెండు పట్టికలూ వారిని ముందే వేరు చేసి చూపుతాయి. 2024లో మారిన ప్రమాణాల ప్రకారం మున్ముందు జాతి, మూలం ఒకే ప్రశ్నగా వస్తాయి కనుక, రాబోయే జనగణన అంకెలను పాతవాటితో పోల్చేటప్పుడు జాగ్రత్త పడాలి.

భౌగోళిక స్థాయిగా, జనగణన కోసం గీసిన చిన్న ప్రాంతమైన సెన్సస్ ట్రాక్ట్‌ను ఎంచుకోండి. ఒక ట్రాక్ట్‌లో సగటున 4,000 మంది ఉంటారు; షికాగో నగరంలోనే దాదాపు 800 ట్రాక్ట్‌లు ఉన్నాయి. ఇంకా చిన్నదైన బ్లాక్ (చుట్టూ వీధులున్న ఇళ్ళ గుంపు) స్థాయికి దిగాలని ఆశ పుడుతుంది గాని, వ్యక్తుల గోప్యత కోసం 2020 అంకెల్లో కావాలనే కొంత కల్తీ కలిపారు, బ్లాక్ స్థాయిలో ఆ కల్తీ బాగా తేలుతుంది. పెద్ద కొలతలు తీసుకుంటే అంతకన్నా నష్టం, ఎందుకంటే విభజన అంతా వాటి కడుపులో దాగిపోతుంది. హైదరాబాద్‌కు ఇదే లెక్క కట్టబోయేవారికి ఎదురయ్యే ఇబ్బంది సరిగ్గా ఇదే: 2011 జనగణనలో వార్డు వారీగా ఎస్సీ, ఎస్టీ జనాభా దొరుకుతుంది, కాని అప్పటి 150 వార్డుల గ్రేటర్ నగరంలో ఒక్కో వార్డుకు సగటున 45 వేల మంది. ఒకే వార్డులో గేటెడ్ కాలనీ, దాని గోడ అవతలి బస్తీ రెండూ ఇమిడిపోయి, కాగితం మీద కలిసి బతుకుతున్నట్టు కనిపిస్తాయి.

కమ్యూనిటీ సర్వే అంకెలు వాడితే ప్రతి అంకె పక్కన ఉండే పొరపాటు పరిధిని వదలకండి. ఒక ట్రాక్ట్‌లో ఆసియా జనాభా 120, పరిధి 95 అని ఉంటే, అసలు సంఖ్య 25 కావచ్చు, 215 కావచ్చు. అలాంటి అంకె మీద ఇల్లు కట్టుకోలేం.

అంకె నిజమే, అర్థం వేరు

షికాగోలో లిటిల్ విలేజ్ అని పిలిచే సౌత్ లాన్‌డేల్ ప్రధానంగా మెక్సికన్ మూలాల వారి ప్రాంతం. దాని ట్రాక్ట్‌లలో ఒకచోట నల్లజాతీయుల సంఖ్య హఠాత్తుగా పెరుగుతుంది. కలిసిమెలిసి ఉన్న వీధి దొరికిందని సంబరపడితే పొరపాటే, ఎందుకంటే అక్కడ ఉన్నది కుక్ కౌంటీ జైలు. జనగణన మనిషిని ఎక్కువ కాలం ఎక్కడ ఉండి నిద్రపోతే అక్కడ, జైల్లో ఉన్నవారిని జైల్లోనే లెక్కిస్తుంది కనుక ఖైదీలు ఆ పేట నివాసులయ్యారు. విశ్వవిద్యాలయాల హాస్టళ్ళ దగ్గరా ఇదే మాయ. ఏ ట్రాక్ట్ అయినా చుట్టుపక్కల వాటితో పొంతన లేకుండా కనిపిస్తే, సామూహిక నివాసాల జనాభా ఎంతో చూపే పట్టికను ముందు తెరవాలి.

డెవన్ అవెన్యూది మరో రకం మాయ. చీరల దుకాణాలు, మిఠాయి కొట్లు, వీధిలో కొంత భాగానికి గాంధీ పేరు, మరికొంత భాగానికి జిన్నా పేరు. శనివారం సాయంత్రం వెళితే భారతీయులంతా ఇక్కడే ఉన్నారనిపిస్తుంది. వారిలో చాలామంది కొనుక్కోవడానికి వచ్చినవారే. రాత్రికి వారి కార్లు నేపర్‌విల్, షామ్‌బర్గ్, అరోరా శివార్లకు తిరిగిపోతాయి. తెలుగువారు ఎక్కువగా వెళ్ళే వేంకటేశ్వరస్వామి ఆలయం కూడా అరోరాలోనే ఉంది. బజారును చూసి పేటను లెక్కించకూడదు. ఇంకో మాట: పట్టికలో "ఆసియా" అన్న ఒక్క గడిలో చైనీయులు, ఫిలిప్పీన్స్ వారు, భారతీయులు అందరూ ఉంటారు. "మనవాళ్ళు బాగానే ఉన్నారు" అనే ముందు ఆసియా సమూహాల వివర పట్టికను కూడా చూసుకోవాలి.

కాలాన్ని కూడా లెక్కలోకి తెచ్చుకోవాలి. ఒక పేట ఈ ఏడాది వైవిధ్యంగా కనిపించడానికి రెండు కారణాలు ఉండవచ్చు: అది కలిసి ఉండటం, లేదా ఒక సమూహం ఖాళీ చేస్తుండగా మరొకటి వస్తుండటం. రెండో సందర్భంలో మనం చూసేది దారి మధ్యలో తీసిన ఫోటో. అందుకే ఒకే ప్రాంతానికి 2000, 2010, 2020 అంకెలు పక్కపక్కన పెట్టండి. ట్రాక్ట్ హద్దులు మారుతుంటాయి కనుక పాత, కొత్త హద్దులను జోడించే ఫైళ్ళను జనగణన సంస్థే ఇస్తుంది.

పశ్చిమ షికాగోలోని ఆస్టిన్ ఇందుకు గట్టి ఉదాహరణ. 1960లో అక్కడ దాదాపు అందరూ శ్వేతజాతీయులే. 1980 నాటికి నలుగురిలో ముగ్గురు నల్లజాతీయులు. 1970లో లెక్క కట్టినవారికి అది చక్కగా కలిసిన పేటగా కనిపించి ఉంటుంది. నల్లజాతి కుటుంబం ఒకటి రాగానే ఇళ్ళ ధరలు పడిపోతాయని భయపెట్టి శ్వేతజాతీయుల చేత చౌకగా అమ్మించడం, అవే ఇళ్ళను నల్లజాతీయులకు హెచ్చు ధరకు అంటగట్టడం ఆ రోజుల్లో ఒక వ్యాపారం. దాని వెనుక 1930లలో ప్రభుత్వ సంస్థ హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ గీసిన పటాలు ఉన్నాయి. నల్లజాతీయులున్న పేటలకు వాటిలో ఎరుపు రంగు పూశారు, అలాంటి చోట్లకు గృహరుణం గగనమయ్యేది. నల్లజాతీయులకు అమ్మరాదని దస్తావేజుల్లో రాసుకున్న షరతులను కోర్టులు అమలు చేయరాదని సుప్రీంకోర్టు 1948లో తేల్చేదాకా వాటికీ బలం ఉండేది. ఆ పాత పటాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మీరు కట్టిన సూచికల పటం పక్కన ఒకసారి పెట్టి చూడండి.

ఆస్టిన్‌కు ఆనుకుని, ఆస్టిన్ బూలెవార్డ్ అవతల ఉన్న ఓక్ పార్క్‌కు అదే గాలి తగిలింది. ఆ ఊరి పాలకులు 1968లోనే సొంతంగా గృహ వివక్ష నిషేధ ఆర్డినెన్సు చేశారు. 1972లో మొదలైన హౌసింగ్ సెంటర్, అద్దెకు వచ్చేవారికి తాము మామూలుగా ఆలోచించని వీధులను కూడా చూపించే పని పెట్టుకుంది. ఇంటి ధర పడిపోతే కొంత పరిహారమిచ్చే పథకం కూడా తెచ్చారు. ఇక్కడ మూడు దశాబ్దాల అంకెలు పక్కన పెడితే వైవిధ్యం నిలబడి ఉంటుంది. కలవడం తనంతట తాను జరగలేదని, దానికి మనుషులు, డబ్బు, కార్యాలయం కావలసి వచ్చాయని ఈ ఊరి చరిత్ర చూపుతుంది.

లెక్క పూర్తయ్యాక ఒక పూట కేటాయించి షికాగో నగర రైలు అయిన సీటీఏ గ్రీన్ లైన్ ఎక్కండి. సిసరో, లరామీ, సెంట్రల్ స్టేషన్లు దాటాక ఆస్టిన్ స్టేషన్ ఊరి సరిహద్దు మీద ఉంటుంది, ఆపైన రిడ్జ్‌లాండ్, ఓక్ పార్క్, చివరన హార్లెమ్ వస్తాయి. చేతిలో ఆ దారి పొడవునా ఉన్న ట్రాక్ట్‌ల జాబితా పెట్టుకుని, ప్రతి స్టేషన్‌లో ఎవరు ఎక్కారు, ఎవరు దిగారు అన్నది మీ సంఖ్య పక్కన రాసుకుంటూ వెళ్ళండి. పొంతన కుదరని చోట దిగి, నాలుగు వీధులు నడిచి, తిరిగి పట్టిక తెరవండి.