యూజర్ రీసెర్చ్: ఏ పద్ధతి ఎప్పుడు వాడాలి

కొత్త ప్రోడక్ట్ అనగానే చాలా టీముల్లో ముందు జరిగేది గూగుల్ ఫామ్ ఒకటి చేసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేయడం. సర్వే మంచిదే, కానీ అది ఎంతమంది అన్నది చెప్తుంది, ఎందుకు అన్నది చెప్పడం కష్టం. అందుకే పద్ధతి సంగతి తర్వాత, ఈ యూజర్ రీసెర్చ్, అంటే వాడేవాళ్ళ ఇబ్బందులు, అవసరాలు తెలుసుకోవడం అయ్యాక మనం ఏ నిర్ణయం తీసుకోవాలో ముందు ఒక్క లైన్లో రాసుకోండి.

మీసేవలో ఇన్‌కమ్ సర్టిఫికెట్‌కి అప్లై చేయడం ఈజీ చేయాలనుకుందాం. జనానికి ఇబ్బంది ఎక్కడో మనకే తెలీనప్పుడు సర్వేలో ఏం అడుగుతాం? పర్మిషన్ తీసుకుని వెళ్ళి కౌంటర్ పక్కన కూర్చోండి. అక్కడ టైప్ చేసేది ఆపరేటర్, కాగితాలు పట్టుకుని నిలబడేది ఇంకొకరు, అంటే మన యూజర్లు ఇద్దరు. ఓటీపీ వచ్చే ఫోన్ కొడుకు దగ్గర ఉండిపోవడం, ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా రేషన్ కార్డులో ఇంకోలా ఉండటం లాంటివి చాలామంది అడిగినా చెప్పరు, వాళ్ళకి అలవాటైపోయి ఉంటాయి కాబట్టి, చూస్తేనే తెలుస్తాయి.

ఇంటర్వ్యూలో "ఈ ఫీచర్ ఇస్తే వాడతారా" అని మాత్రం అడక్కండి. మనవాళ్ళు మొహమాటానికి "బావుందండి, వాడతాం" అనేస్తారు, దాన్ని నమ్ముకుని నెలల తరబడి పని చేస్తాం. "పోయినసారి సర్టిఫికెట్ తీసుకున్నప్పుడు ఏం జరిగిందో మొదట్నించీ చెప్పండి" అనండి, మధ్యలో అందుకోకండి.

స్క్రీన్లు గీశాక యూజబిలిటీ టెస్ట్ పెట్టండి, కాగితం మీద గీసినవైనా చాలు. ఒక పని ఇచ్చి, సాయం చేయకుండా చూడాలి, అదే కష్టం. యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో చెప్పిన లెక్కలో ఐదుగురితోనే 85 శాతం దాకా సమస్యలు బయటపడతాయి, 15 మందితో ఒకేసారి చేసే బదులు ఐదుగురేసి మూడుసార్లు, మధ్యలో సరిచేసుకుంటూ చేయమన్నాడు. ఆ ఐదుగురూ ఒకే రకం వాళ్ళైతేనే ఈ లెక్క, ఆపరేటర్లని, జనాన్ని కలిపి ఐదుగురంటే కుదరదు. ఐదుగురిలో ముగ్గురు ఆగిపోయారని 60 శాతం అని స్లైడ్‌లో రాయడం కూడా తప్పే, శాతాలు చెప్పడానికి ఐదుగురు చాలరు.

మెనూలో ఏది ఎక్కడుండాలో తేలకపోతే కార్డ్ సార్టింగ్, అంటే ఒక్కో అంశం ఒక్కో కార్డు మీద రాసిచ్చి యూజర్లనే గుంపులుగా పేర్చమనడం. ఏ/బి టెస్ట్, అంటే రెండు వెర్షన్లు వేర్వేరు యూజర్లకి చూపించి ఏది బాగా పనిచేస్తుందో పోల్చడం, ప్రోడక్ట్ లైవ్‌లో ఉండి, బాగా ట్రాఫిక్ ఉంటేనే.

వారమే టైముంటే రెండ్రోజులు కౌంటర్ దగ్గర గడపండి, ఒకరోజు స్క్రీన్లు గీయండి, మిగతా రోజులు టెస్ట్‌కి ఉంచండి, సర్వే వదిలేసినా పర్లేదు.