ఏ విమానానికి ఏ ఇంజన్: ఒక సంస్థ జెట్ విమానాల పట్టికను తయారుచేసుకునే పద్ధతి

ఒక విమానయాన సంస్థ దగ్గర ఎయిర్‌బస్ ఏ320లు ఎన్ని ఉన్నాయో చెప్పడం తేలికే కానీ, వాటికి ఏ ఇంజన్లు బిగించారో ఆ పేరు ఒక్కటే చెప్పదు. ఎమిరేట్స్ ఏ380లు ఇందుకు మంచి ఉదాహరణ. ఆ సంస్థ మొదట తీసుకున్న ఏ380లకు ఇంజన్ అలయన్స్ తయారీ జీపీ7200 ఇంజన్లు ఉండగా, 2016 చివరి నుంచి వచ్చిన వాటికి రోల్స్ రాయిస్ ట్రెంట్ 900 ఇంజన్లు అమర్చారు. బయటి రంగులు, లోపలి సీట్లు చూసి ఈ తేడా పట్టుకోలేము. అందువల్ల పట్టికలో ప్రతి విమానానికీ రిజిస్ట్రేషన్ అక్షరాలు (విమానం మీద రాసి ఉండే గుర్తింపు), పూర్తి మోడల్ సంఖ్య, ఇంజన్ కుటుంబం (వీ2500 లాంటిది), దాని రకం (వీ2527 లాంటిది) అని నాలుగు గడులు పెట్టుకుని, ఒక్కొక్క విమానాన్నీ విడిగా నమోదు చేయాలి.

ముందుగా, వెతకనవసరం లేని విమానాలను పక్కకు తీయండి. కొన్ని మోడళ్లను తయారీదారు ఒకే ఇంజన్‌తో అమ్ముతాడు. బోయింగ్ 737-800కు, దాని తోటి 700, 900 రకాలకు సీఎఫ్‌ఎం56-7బీ తప్ప మరొకటి లేదు. 737 మ్యాక్స్‌కు లీప్-1బీ, 777-300ఈఆర్‌కు జీఈ90, 747-8కు జీఈఎన్ఎక్స్-2బీ, ఎయిర్‌బస్ ఏ350కి ట్రెంట్ ఎక్స్‌డబ్ల్యూబీ, ఏ330నియోకు ట్రెంట్ 7000, ఏ220కి ప్రాట్ అండ్ విట్నీ పీడబ్ల్యూ1500జీ మాత్రమే వస్తాయి. చాలా సంస్థల విషయంలో పట్టికలో మంచి భాగం ఈ ఒక్క అడుగుతోనే నిండిపోతుంది.

మిగిలిన వాటిలో ఎయిర్‌బస్ విమానాలను మోడల్ సంఖ్యతో తేల్చవచ్చు. నా దృష్టిలో మొత్తం పనిలో ఇంతకన్నా నమ్మదగిన ఆధారం లేదు. ఏ320-214 అన్న సంఖ్యనే తీసుకోండి. గీత తర్వాతి మొదటి అంకె 2 విమాన శ్రేణిని, రెండో అంకె 1 ఇంజన్ తయారీదారును, చివరి 4 ఇంజన్ రకాన్ని తెలుపుతాయి. మనకు కావలసింది మధ్య అంకె. అది 0 అయితే జనరల్ ఎలక్ట్రిక్, 1 అయితే సీఎఫ్‌ఎం, 2 అయితే ప్రాట్ అండ్ విట్నీ, 3 అయితే ఐఏఈ (ఇంటర్నేషనల్ ఏరో ఇంజన్స్), 4 అయితే రోల్స్ రాయిస్, 6 అయితే ఇంజన్ అలయన్స్. కాబట్టి ఏ320-232కు ఐఏఈ వారి వీ2500, ఏ330-343కు ట్రెంట్ 700, ఏ330-323కు పీడబ్ల్యూ4000, ఏ380-861కు జీపీ7200 ఉన్నట్టు. ఏ320కు కొత్త ఇంజన్లతో వచ్చిన రూపమైన ఏ320నియో కుటుంబంలో మాత్రం అంకెలు మారాయి. అక్కడ 5 ఉంటే సీఎఫ్‌ఎం లీప్-1ఏ, 7 ఉంటే ప్రాట్ అండ్ విట్నీ పీడబ్ల్యూ1100జీ. అందువల్ల ఏ320-251ఎన్, ఏ320-271ఎన్ అన్నవి పేరుకు తోబుట్టువులే అయినా ఇంజన్ వర్క్‌షాపులో వాటి దారులు వేరు. ఈ పూర్తి సంఖ్య ప్రయాణికుల టికెట్ మీద దొరకదు, పౌర విమానయాన అధికారుల రిజిస్టర్లో చూడాలి. అమెరికా పౌర విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ రిజిస్టర్ అయితే ఇంజన్ తయారీదారునూ మోడల్‌నూ నేరుగానే చూపుతుంది.

బోయింగ్ సంఖ్యలను ఇలా చదవబోతే తప్పులో కాలేసినట్టే. 747-436లో చివరి 36 ఇంజన్‌ది కాదు, ఆ విమానాన్ని కొత్తగా కొన్న బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కు బోయింగ్ ఇచ్చిన సంకేతం. విమానం తర్వాత ఎన్ని చేతులు మారినా ఆ సంకేతం మారదు. 787 నుంచి ఆ సంకేతాలనూ వదిలేశారు. కనుక జీఈఎన్ఎక్స్-1బీ, ట్రెంట్ 1000లలో ఒకదాన్ని ఎంచుకునే వీలున్న 787కూ, మూడు కంపెనీల ఇంజన్లతో వచ్చిన పాత 777-200లకూ, 747-400లకూ రిజిస్టర్ వివరమో, ఫొటోయో చూడక తప్పదు.

ఫొటో చూసేటప్పుడు మొదట ఇంజన్‌ను కప్పి ఉంచే తొడుగు పొడవు గమనించండి. పాత ఏ320 మీద వీ2500 ఇంజన్ తొడుగు వెనుక చివరి దాకా ఒకే నున్నని గొట్టంలా సాగి ఒకే నాజిల్‌తో ముగుస్తుంది. సీఎఫ్‌ఎం56 తొడుగు అయితే ముందే ఆగిపోయి, లోపలి వేడి గొట్టం వెనక్కి పొడుచుకు వచ్చినట్టు కనబడుతుంది. ఏ330లోనూ ఇదే కొండగుర్తు పనిచేస్తుంది, అక్కడ పొడవాటి తొడుగు ట్రెంట్ 700ది. మీరే ఆ పాత ఏ320లో రెక్క వెనుక కిటికీ దగ్గర కూర్చుంటే, చక్రాలు నేలను తాకిన మరుక్షణం ఇంజన్ వంక చూడండి. తొడుగు పక్కన పలకలు తలుపుల్లా బయటికి విచ్చుకుంటే అది సీఎఫ్‌ఎం56. తొడుగు వెనుక సగమంతా రైలు పట్టా మీద జరిగినట్టు వెనక్కి జరిగి, మధ్యలో జాలీ లాంటి సందు బయటపడితే అది వీ2500. నియోలో ఈ గుర్తు పనికిరాదు.

నియోకూ 787కూ ఫ్యాన్ బ్లేడ్లు లెక్కపెట్టడమే మంచి మార్గం. లీప్-1ఏకు 18 బ్లేడ్లు, పీడబ్ల్యూ1100జీకి 20. అలాగే 787లో జీఈఎన్ఎక్స్‌కు 18, ట్రెంట్ 1000కు 20 ఉండటం మనకు కలిసివచ్చే సంగతి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు ఎదురుగా తీసిన ఫొటోను పెద్దది చేసుకుని, ఫ్యాన్ మధ్యలోని శంకువు మీద తెల్లటి సుడి గీత ముగిసే చోటు నుంచి మొదలుపెట్టి ఎదురు అంచు వరకు సగమే లెక్కించండి. తొమ్మిదో పదో తేలితే సరిపోతుంది. మొత్తం లెక్కించబోతే ఎక్కడ మొదలుపెట్టామో మరిచిపోవడం ఖాయం. 787లో రంగు కూడా సాయం చేస్తుంది. జీఈఎన్ఎక్స్ బ్లేడ్లు నల్లటి కార్బన్ కాంపోజిట్‌వి, ముందంచున టైటానియం పట్టీ మెరుస్తుంది. ట్రెంట్ 1000వి టైటానియం బ్లేడ్లు.

శబ్దాన్ని బట్టి చెప్పేవారు కూడా ఉన్నారు గానీ, నేను దాన్ని పట్టికకు ఆధారంగా తీసుకోను. ఏ320లో గేటు దగ్గర వినబడే కుక్క మొరుగు లాంటి చప్పుడును చాలామంది ఇంజన్‌కు అంటగడతారు. నిజానికి అది రెండు హైడ్రాలిక్ వ్యవస్థల మధ్య ఒత్తిడిని అందించే పవర్ ట్రాన్స్‌ఫర్ యూనిట్ చేసే చప్పుడు.

నాలుగో గడిలో ఇంజన్ రకాన్ని రాసేటప్పుడు పేరులోని అంకెల్లో తరచుగా థ్రస్ట్ (విమానాన్ని ముందుకు నెట్టే బలం) దాగి ఉంటుందని గుర్తుంచుకోండి. ఏ320-232కు ఉండే వీ2527లోని 27, ఏ321-231కు ఉండే వీ2533లోని 33 సుమారుగా వేల పౌండ్ల థ్రస్ట్‌ను సూచిస్తాయి. ట్రెంట్ ఎక్స్‌డబ్ల్యూబీ-84, 97లలోనూ, జీఈ90-115బీలోనూ అంతే. సీఎఫ్‌ఎం56-5బీ4లోని 4 మాత్రం వట్టి రకం సంఖ్య, దాన్నుంచి థ్రస్ట్ లాగాలని చూడకండి.

ఇంజన్ సీరియల్ సంఖ్యలకు గడి పెట్టకండి. మరమ్మతుకు దించిన ఇంజన్ తిరిగి అదే విమానానికి రావాలన్న నియమం లేదు, స్పేర్‌ది ఎక్కిస్తారు, దించినది బాగయ్యాక మరో విమానానికి వెళ్తుంది. ఇంజన్ కుటుంబం మాత్రం సాధారణంగా విమానం పుట్టినప్పుడు ఏదో చివరిదాకా అదే. కనుక రెండు, మూడు గడులను ఒకసారి సరిగ్గా నింపితే, కొత్త విమానం చేరినప్పుడో పాతది వెళ్లిపోయినప్పుడో తప్ప వాటిని మళ్లీ ముట్టుకోనక్కర లేదు.