ఆర్ట్ టీచర్ కోర్సుకు అమెరికా వచ్చారా? ఆ ఫీడ్‌బ్యాక్ ఫారం జాగ్రత్తగా నింపండి

ఆర్ట్ ఎడ్యుకేషన్‌లో మాస్టర్స్ చేయడానికి వచ్చారు. మొదటి సెమిస్టర్ చివర్లో మీకో మెయిల్ వస్తుంది: కోర్సు ఎలా ఉంది, ప్రొఫెసర్ ఎలా చెప్పారు, రాయండి అని. చదువు చెప్పినవాళ్లకి మనం మార్కులు వేయడమేంటని మొహమాటపడి అన్నిటికీ అయిదుకి అయిదు వేసి, కింద ‘అంతా బాగుంది’ అని రాసేస్తాం. నేనూ అదే చేశాను. తర్వాత గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా ఆ ఫారాలన్నీ చదివి పట్టికలు తయారుచేసే పని నాకే వచ్చింది. ‘అంతా బాగుంది’ అని రాసిన ఫారంతో ఎవరూ ఏమీ చేయలేరని అప్పుడు తెలిసింది.

నాకు బాగా గుర్తున్న ఫారం ఒకటుంది. ‘లెసన్ ప్లాన్ రాయడం బాగా నేర్పారు. కానీ 45 నిమిషాల పీరియడ్, 25 మంది పిల్లలు, ఒకటే సింకు. బ్రష్‌లు కడిగించి, తడి బొమ్మలు ఆరబెట్టించి, బెల్ కొట్టేలోపు పిల్లల్ని ఎలా పంపాలో ఎవరూ చెప్పలేదు’ అని రాశారెవరో. ఫ్యాకల్టీ మీటింగ్‌లో దాన్ని రెండుసార్లు చదివారు. స్కూళ్లలో మన విద్యార్థుల్ని చూసే మెంటర్ టీచర్ల రూబ్రిక్‌లు, అంటే ఒక్కో నైపుణ్యానికి స్కోరు వేసే పట్టికలు, తీస్తే, ఆ బ్యాచ్ అంతటికీ క్లాసు నిర్వహణలోనే స్కోర్లు తక్కువ. రెండు వైపులా ఒకటే మాట. తర్వాతి సెమిస్టర్‌లో మెథడ్స్ క్లాసు (పాఠం ఎలా చెప్పాలో నేర్పేది) రెండు వారాలు నిజమైన ఆర్ట్ రూమ్‌లోనే జరిగింది. గడియారం పెట్టుకుని మరీ సర్దించారు.

మీరూ అలాగే రాయండి. ఏ వారం, ఏ అసైన్‌మెంట్, పిల్లల ముందు నిలబడ్డాక ఏది చేతకాలేదు, ఇవి చెబితే చాలు. మామూలుగా పేర్లు ఉండవు, గ్రేడ్లు వేశాకే ప్రొఫెసర్ చూస్తారు. అయితే క్లాసులో ఆరేడుగురే ఉంటే ఎవరు రాశారో తెలిసిపోవచ్చు. అప్పుడు ప్రోగ్రామ్ కోఆర్డినేటర్‌తో నేరుగా మాట్లాడటమే మంచిది. ఇక్కడ దాన్ని ఎదురు చెప్పడంగా చూడరు.

టీచర్లను తయారుచేసే ప్రోగ్రామ్‌లకు అక్రెడిటేషన్ (నాణ్యత గుర్తింపు) ఇచ్చే సంస్థల్లో 2013లో ఏర్పడిన సీఏఈపీ పెద్దది. పట్టా పుచ్చుకున్నవాళ్లు స్కూళ్లలో ఎలా పనిచేస్తున్నారు, వాళ్లను తీసుకున్న స్కూళ్లకు తృప్తిగా ఉందా అని అది ఆధారాలు అడుగుతుంది. మీ మాట అక్కడిదాకా వెళ్తుంది.

మిమ్మల్నీ కొలుస్తారు. రూబ్రిక్‌లో నాలుగుకి రెండు వస్తే టెన్షన్ పడకండి. మొదటి సెమిస్టర్‌లో రెండు, చివర్లో మూడు, ఆ మార్పు కనిపించడమే వాళ్లకు కావాలి. పిల్లలకు కళల్లో ఏం రావాలో చెప్పే, 2014లో వచ్చిన జాతీయ కళా ప్రమాణాల్లో నాలుగు భాగాలున్నాయి: సృష్టించడం, ప్రదర్శించడం, స్పందించడం, జీవితంతో ముడిపెట్టడం. బొమ్మ గీయడంలో చెయ్యి తిరిగినవాళ్లు కూడా మూడోదాని దగ్గర తడబడటం చూశాను. బొమ్మ ముందు పిల్లల్ని నిలబెట్టి ‘నీకేం కనిపిస్తోంది?’ అని అడిగి, జవాబు వచ్చేదాకా నోరు మెదపకుండా ఉండటం అభ్యాసంతో గానీ రాదు.

లైసెన్స్ రూల్స్ ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానివే. కొన్నిచోట్ల ప్రాక్సిస్ ఆర్ట్ పరీక్ష ఉంటుంది. పాఠం వీడియో తీసి పంపాల్సిన ఎడ్‌టీపీఏ అనే పరీక్ష ఒకప్పుడు చాలాచోట్ల ఉండేది, న్యూయార్క్, జార్జియా లాంటి రాష్ట్రాలు తీసేశాయి. సీనియర్ చెప్పారని వదిలేయకుండా మీ రాష్ట్ర విద్యాశాఖ వెబ్‌సైట్ చూసుకోండి. ఎఫ్-1 వీసా మీద ఉంటే, జీతం లేకపోయినా సరే, స్టూడెంట్ టీచింగ్ (కోర్సులో భాగంగా స్కూల్లో పాఠాలు చెప్పడం) మొదలుకాకముందే ఇంటర్నేషనల్ ఆఫీసులో సీపీటీ, అంటే చదువులో భాగమైన పనికి ఇచ్చే అనుమతి, గురించి అడగండి. పిల్లల దగ్గరికి వెళ్లేముందు నేర చరిత్ర చూసే వేలిముద్రల చెక్‌కి వారాలు పట్టొచ్చు, ముందే అప్లై చేయండి. పోర్ట్‌ఫోలియోలో పిల్లల బొమ్మలు పెట్టేటప్పుడు పేర్లు కనబడకూడదు, వీడియోకి తల్లిదండ్రుల అనుమతి ఉండాలి.

ఉద్యోగంలో చేరాక మరో సర్వే పంపుతారు. నా లెక్కలో అన్నిటికన్నా విలువైనది అదే, ఎందుకంటే ఏం నేర్పలేదో అప్పటికి గానీ తెలీదు. కానీ అది పాత యూనివర్సిటీ మెయిల్‌కే వెళ్లిపోతుంటుంది. కోర్సు ముగిసి వెళ్లేరోజు మీ సొంత మెయిల్ అడ్రస్ డిపార్ట్‌మెంట్ ఆఫీసులో రాయించి వెళ్లండి.