ఎఫ్‌ఓబీనా, సీఐఎఫ్‌నా? పక్కనున్న రేవు పేరు చూడండి

విదేశాలకు పంపే తేజ మిర్చికి కొటేషన్ రాసేటప్పుడు, ధరలో ఏ ఖర్చులు కలిశాయో చెప్పే ఎఫ్‌ఓబీకి (ఫ్రీ ఆన్ బోర్డ్), సీఐఎఫ్‌కి (కాస్ట్, ఇన్సూరెన్స్, ఫ్రైట్) తేడా ప్రతిసారీ మర్చిపోయేవాణ్ణి. ‘ఫ్రీ ఆన్ బోర్డ్’లో ఆ ఫ్రీ చూసి ఓడ కిరాయి ఉండదేమో అనుకున్నది మన గుంటూరులో నేనొక్కణ్ణే కాదులెండి.

ఇప్పుడు ఆ మూడక్షరాలతో కుస్తీ పట్టను, వాటి పక్కన రాసిన రేవు పేరు చూస్తాను. ‘ఎఫ్‌ఓబీ చెన్నై’ అంటే సరుకు చెన్నైలో ఓడ ఎక్కేదాకా ఖర్చు మనది: గుంటూరు నుంచి లారీ, ఇక్కడి కస్టమ్స్, లోడింగ్. ఓడ కిరాయి కొనేవాళ్లది. ‘సీఐఎఫ్ కొలంబో’ అంటే కొలంబో దాకా ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కూడా మన ధరలోనే కలపాలి. రేవు పేరు లేకుండా ఉత్త ‘ఎఫ్‌ఓబీ’ అని వస్తే ధర చెప్పకముందే ఫోన్ చేసి పేరు రాయించుకోండి.

జాగ్రత్త, ఈ గుర్తు ఖర్చు లెక్కకే, రిస్కుకు పనికిరాదు. సీఐఎఫ్ కొలంబో అని రాసినా, చెన్నైలో ఓడ ఎక్కాక బస్తాలు తడిస్తే ఆ నష్టం కొన్నవాళ్లదే. మనం కట్టిన ఇన్సూరెన్స్ వాళ్ల కోసమే. కంటైనర్‌ను ఓడ ఎక్కకముందే యార్డులో అప్పగించేస్తుంటే మాత్రం ఎఫ్‌ఓబీ బదులు ఎఫ్‌సీఏ (ఫ్రీ క్యారియర్, అంటే రవాణావాళ్లకు అప్పగించేదాకానే మన బాధ్యత) అని రాయడం మేలు.